ఇతరాల గడిలో పిల్లి

పశువుల ఆసుపత్రిలో రోజువారీ చికిత్సల రిజిస్టరు పెద్ద పుస్తకం. పేజీ నిండా నిలువు గళ్ళు. ఎద్దులు, ఆవులు, గేదెలు, దూడలు, గొర్రెలు, మేకలు, పందులు, కోళ్ళు. అన్నిటికన్నా చివర, కలం పట్టనంత ఇరుకుగా ‘ఇతరములు’ అని ఒక గడి. నేను కొలువులో చేరిన కొత్తలో కుక్క కూడా అందులోనే పడేది. తర్వాత్తర్వాత కుక్కకు సొంత గడి వచ్చింది. పిల్లి మాత్రం నేను పదవీ విరమణ చేసే దాకా ఆ ఇరుకులోనే, చిలకకూ కుందేలుకూ తోడుగా ఉండిపోయింది.

దేశం లెక్కా ఇంతే. మన దగ్గర పశుగణన 1919లో మొదలైంది. ఇరవయ్యో గణన ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో కుక్కల లెక్క ఉంది, కుందేళ్ళ లెక్క ఉంది. పిల్లుల లెక్క లేదు. పాలివ్వదు, బండి లాగదు, గుడ్డు పెట్టదు, పేడ కూడా వెయ్యదు. లెక్కపెట్టి ఏం చేసుకోవాలి అనుకున్నారు కాబోలు.

లెక్కలో లేని ప్రాణికి రొంప పడితే ఎవరు పట్టించుకున్నారు, ఎప్పట్నుంచి పట్టించుకున్నారు అని వెతుక్కుంటూ పోతే నాకు మా వృత్తి చరిత్రే ఇంకో వైపు నుంచి కనబడింది. పశువైద్యానికి కళాశాల అంటూ పుట్టాక, పిల్లికూన తుమ్ముకు కారణం తెలియడానికి దాదాపు 200 ఏళ్ళు పట్టింది. ఆ 200 ఏళ్ళూ, అంతకు ముందూ ఆ కూనల్ని బతికించినవాళ్ళెవరూ మాలాంటి పట్టాలున్నవాళ్ళు కారు. ఆ సంగతి రాద్దామనే ఇప్పుడు కూర్చున్నాను.

మా వృత్తికి తెలుగు నేల మీద దొరికే పాత సాక్ష్యం కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద ఉంది. అశోకుడి శాసనాలు, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దానివి. వాటిలో రెండో శాసనంలో ఆయన మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేని చోటికి వాటిని తెప్పించి నాటించాననీ చెప్పుకున్నాడు. పత్తికొండ వైపు పని మీద వెళ్ళినప్పుడు ఎండలో ఆ గుట్ట ఎక్కాను. బ్రాహ్మీ లిపి నాకు రాదు. అయినా ఆ గీతల మధ్య ఎక్కడో మా ఉద్యోగం పేరు ఉందంటే ఛాతీ కొంచెం ఉబ్బింది.

పశువంటే ఆ రోజుల్లోనూ ఏవి? గుర్రాలకు శాలిహోత్రుడి శాస్త్రం ఉంది. ఏనుగులకు పాలకాప్యుడి హస్త్యాయుర్వేదం ఉంది. గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులోనే కావ్యం రాశాడు. గుర్రం పోతే యుద్ధం పోతుంది, ఏనుగు పోతే రాజు పరువు పోతుంది. పిల్లి పోతే పక్కింటి పిల్లి వస్తుంది. పిల్లికి శాస్త్రం రాసి అంకితమిస్తే పుచ్చుకునే రాజెవరు?

మన ఇళ్ళలో పిల్లి స్థానం ఎప్పుడూ విచిత్రమే. ఎదురొస్తే అపశకునం. చంపితే మహాపాపం, బంగారు పిల్లిని చేయించి దానమిస్తే తప్ప పోదనేవారు మా పెద్దలు. ఈ రెంటి మధ్యా దానికి జబ్బు చేస్తే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. కథల్లో ఒక్క తెనాలి రామకృష్ణుడి పిల్లికే రాజపోషణ దక్కింది. ఎలుకల బాధకు రాయలవారు ఇంటింటికీ పిల్లిని ఇచ్చి, దాని పాల కోసం ఆవును కూడా ఇచ్చారు. రామకృష్ణుడు కాగే పాలు పెట్టి మూతి కాల్చాడు, పిల్లి జన్మలో పాలు ముట్టలేదు, పాలన్నీ ఆయన ఇంటివాళ్ళే తాగారు. చిన్నప్పుడు నవ్వుకున్నాం. పశువైద్యం చదివాక ఆ కథలో నాకు పిల్లి మూతే కనబడుతోంది.

ఇక కళాశాలల సంగతి. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాలను క్లాడ్ బూర్జెలా 1762లో ఫ్రాన్సులోని లియాన్‌లో తెరిచాడు. ఆయన గుర్రపు స్వారీ నేర్పే గురువు. అప్పటికి ఐరోపాలో మందలకు మందల్ని తుడిచిపెడుతున్న జాడ్యం రిండర్‌పెస్ట్. గుర్రం, పశువు. ఈ రెండిటి కోసమే బడి. 1791లో లండన్‌లో పెట్టిందీ గుర్రాల కోసమే. మన దేశంలో 1862లో పుణేలో సైన్యం పెట్టుకున్న పాఠశాల కూడా గుర్రాల కోసమే. తర్వాత లాహోరు, బొంబాయి, కలకత్తా. 1903లో మద్రాసు వేపేరిలో కళాశాల వచ్చింది. చాలా కాలం కోస్తా, రాయలసీమ జిల్లాల పిల్లలు పశువుల డాక్టరు కావాలంటే రైలెక్కి అక్కడికే వెళ్ళారు. హైదరాబాదులో 1946లో, ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1955లో బాపట్లలో కళాశాలలు వచ్చాయి. బాపట్లది తర్వాత తిరుపతికి మారింది.

అన్ని చోట్లా చదువు ఒకటే. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, పొదుగువాపు, ఈత కష్టాలు. మా తరం తల కింద పెట్టుకుని పడుకున్న పుస్తకం బ్లడ్, హెండర్సన్‌లది. 1960లో తొలి కూర్పు వచ్చిన లావుపాటి గ్రంథం. అందులో ఆవులు, గొర్రెలు, పందులు, గుర్రాలు. అట్ట నుంచి అట్ట దాకా తిరగేసినా పిల్లి లేదు. తప్పు పట్టడం లేదు. కరువు దేశంలో ఎద్దు చస్తే ఆ ఇంటి వ్యవసాయం చస్తుంది. ముందు ఎద్దును చూడమనడం న్యాయమే. రిండర్‌పెస్ట్‌ను 2011లో భూమి మీదే లేకుండా చెయ్యగలిగారంటే, ఆ పట్టుదల వల్లే. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రెండో జబ్బు అది.

పిల్లికి విలువ కట్టిన సందర్భం మన దేశ చరిత్రలో ఒకటుంది. అదీ ఎలుక పుణ్యమే. 1896లో బొంబాయిలో ప్లేగు దిగింది. పదేళ్ళు తిరిగేసరికి లక్షల మంది పోయారు. బేరార్‌లో పనిచేస్తున్న ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు ఆండ్రూ బుకానన్, పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ప్లేగు తక్కువగా ఉందని గమనించి, 1908 ప్రాంతంలో దాని గురించి వైద్య పత్రికల్లో రాశాడు. ఇంటింటికీ పిల్లిని పెంచమన్నాడు. అదే ఏడాది జపాన్ వెళ్ళిన రాబర్ట్ కాక్ కూడా అక్కడివాళ్ళకు అదే సలహా చెప్పాడు. రాయలవారి కథ నిజంగా జరిగిందా అనిపిస్తుంది. కానీ ఊరూరా పిల్లుల్ని పోగెయ్యమన్నవాళ్ళెవరూ, అన్ని పిల్లుల్ని ఒక్కచోట చేరిస్తే వాటికి వచ్చే జబ్బుల మాటేమిటని అడగలేదు. ప్లేగు ఎలుక మీది ఫ్లీ పురుగు పిల్లికీ ఎక్కుతుంది. పిల్లికీ ప్లేగు వస్తుంది.

పిల్లుల్ని ఒక్కచోట చేర్చితే ఏమవుతుందో ఇంగ్లండువాళ్ళకు ముందే తెలిసింది. 1871 జూలై 13న లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన పెట్టాడు. వీధి ప్రాణిగా చూసే పిల్లిని జనం టికెట్టు కొని చూశారు. అక్కణ్నుంచి ప్రదర్శనలు, క్లబ్బులు, బహుమతులు, వంశవృక్షాలు. ఒక హాల్లో పక్కపక్క బోనుల్లో వందల పిల్లులు. ఒక పిల్లి తుమ్మితే దాని తుంపర మూడు నాలుగు అడుగులు పోతుంది. పక్క బోను అంతకంటే దగ్గరే ఉంటుంది. బహుమతి బిళ్ళతో ఇంటికెళ్ళిన పిల్లి, రొంపను కూడా మోసుకెళ్ళేది. ఆ కాలంవాళ్ళు దీన్ని ‘డిస్టెంపర్’ అనేవారు. కుక్కకు వచ్చే డిస్టెంపర్ వేరు, పిల్లికి వచ్చే విరేచనాల జబ్బు వేరు, ఈ ముక్కు జబ్బు వేరు. మూడింటినీ కలిపి ఒక్క పేరుతో పిలిచి ఊరుకున్నారు.

1925లో లండన్‌లో హామిల్టన్ కర్క్ అనే పశువైద్యుడు పిల్లి జబ్బుల మీదే ఒక పుస్తకం రాశాడు. అది చాలామంది తోటి డాక్టర్లకు వింతగా తోచి ఉంటుంది. న్యూయార్కులో ఇటలీ నుంచి వలసొచ్చిన లూయీ కముటి, పిల్లులకే వైద్యం చేస్తానని సంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. 1981లో పోయే దాకా అదే పని. తన రోగులంతా మంచం కిందే ఉంటారన్న అర్థంతో పుస్తకానికి పేరు పెట్టుకున్నాడు. పిల్లిని చూసిన ప్రతి డాక్టరుకూ ఆ మాట వెంటనే అర్థమవుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద చెయ్యి పెట్టి గోళ్ళు గీరించుకోని పిల్లి వైద్యుడు లేడు.

కర్క్ పుస్తకం నాటికి రొంపకు కారణం మాత్రం ఇంకా దొరకలేదు. మొదటి ఆచూకీ 1942లో దొరికింది. అదీ మనిషి కోసం వెతుకుతుంటే. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జేమ్స్ బేకర్, మనుషుల్లో వచ్చే అంతుపట్టని ఒక నిమోనియాకూ పిల్లుల ఊపిరితిత్తుల జబ్బుకూ సంబంధం ఉందేమోనని చూశాడు. పిల్లుల్లో ఒక సూక్ష్మజీవి కనబడింది. వైరస్ అనుకున్నారు. కాదు, అది క్లమిడియా జాతి బాక్టీరియా అని తర్వాత తేలింది. పేరుకు నిమోనియా జీవి అన్నారు గానీ అది ఎక్కువగా పట్టేది కళ్ళనే. ముందు ఒక కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, కొన్నాళ్ళకు రెండోది.

అసలు దొంగలు దొరకడానికి పోలియో సాయం చేసింది. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అనే ముగ్గురు పోలియో వైరస్‌ను గాజు పాత్రలో కణాల మీద పెంచి చూపించారు. 1954లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విద్య చేతికొచ్చాక ప్రతి ప్రయోగశాలా ఏదో ఒక జంతువు కణాలు పెంచి, ఏదో ఒక జబ్బు రసం వాటి మీద పోసి చూడటం మొదలుపెట్టింది. 1957లో న్యూజిలాండ్‌లో ఫాస్టియర్ అనే శాస్త్రవేత్తకు పిల్లి మూత్రపిండాల కణాల్లో కొత్త వైరస్ దొరికింది. ఇప్పుడు దాన్ని కాలిసి వైరస్ అంటున్నాం. నాలుక మీద పుండ్లు, చొంగ, కొన్ని కూనల్లో రెండు మూడు రోజులు కుంటడం దీని గుర్తులు. మరుసటి ఏడాది 1958లో అమెరికాలో క్రాండెల్, మౌరర్‌లు జలుబు చేసిన పిల్లికూనల నుంచి హెర్పిస్ జాతి వైరస్‌ను బయటికి తీశారు. తుమ్ములు, చిక్కటి చీమిడి, అంటుకుపోయే కళ్ళు దీని పని. 1762లో లియాన్ బడి తెరిస్తే, 1958లో పిల్లి జలుబుకు పేరు. ఇందాక 200 ఏళ్ళన్నది ఈ లెక్కే.

అదే 1958లో ఇంగ్లండులో జోన్ జడ్ అనే ఆవిడ పిల్లుల జబ్బుల మీద పరిశోధన జరగాలని పట్టుబట్టి ఫీలైన్ అడ్వైజరీ బ్యూరో అనే సంస్థ పెట్టింది. ఆమె డాక్టరు కాదు, పిల్లులు పెంచుకునే మనిషి. ఇక్కడా దారి చూపింది ఇంట్లో ఉన్నవాళ్ళే.

నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన బ్రిస్టల్‌లో జరిగింది. 1970లలో రోసలిండ్ గాస్కెల్, ఆమె సహచరుడు పోవీ ఒక సంగతి కనిపెట్టారు. హెర్పిస్ రొంప తగ్గిన పిల్లిలోంచి వైరస్ పోదు. నరాల్లో ముడుచుకుని పడుకుంటుంది. కోలుకున్నవాటిలో నూటికి 80 దాకా జీవితాంతం దాన్ని మోస్తాయి. బెదురు కలిగినప్పుడు, చోటు మారినప్పుడు, ఈనినప్పుడు అది మళ్ళీ లేస్తుంది. చోటు మారిన వారానికి ముక్కు నుంచి, కంటి నుంచి వైరస్ రాలడం మొదలై ఒకటి రెండు వారాలు సాగుతుంది. పిల్లి చూడటానికి ఆరోగ్యంగానే ఉండవచ్చు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన సామెత. ఈనిన తల్లి, చోటు వెంట చోటు మార్చే తల్లి. వైరస్ లేవడానికి కావలసినవన్నీ ఆమెలోనే ఉన్నాయి. ఈనిన నాలుగు నుంచి ఆరు వారాలకు తల్లి వైరస్ రాల్చడం ఎక్కువ. తల్లి పాల ద్వారా కూనకు వచ్చిన రక్షణ కరిగిపోయేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. అందుకే నెలా నెలన్నర వయసు కూనలకే ఈ రొంప ముదురుతుంది. ఎవరో చలిలో వదిలేశారనో, వానలో తడిసిందనో అనుకుంటాం. తడవడం, చలి దాన్ని ముదరబెట్టే మాట నిజమే. జబ్బు మాత్రం చాలాసార్లు నాకి శుభ్రం చేసే తల్లి నాలుక మీద నుంచే వస్తుంది. మార్జాల కిశోర న్యాయం చెప్పిన వైష్ణవాచార్యులకు ఈ సంగతి తెలిస్తే ఏమనేవారో. కూన ఏ ప్రయత్నమూ చెయ్యకుండా తల్లి నోటికి వేలాడి ఉంటుంది, రక్షణ భారమంతా తల్లిదే అన్నారు వాళ్ళు. రక్షణా ఆ నోటి నుంచే, రొంపా ఆ నోటి నుంచే.

నేను కాలువ కింది ఊళ్ళో పనిచేసే రోజుల్లో ఒక మామ్మగారు తాటాకు బుట్ట మీద పాత పంచె ముక్క కప్పి పట్టుకుని వచ్చింది. ఆసుపత్రి ముందు ఈత కష్టం గేదె, గూడు జారిన ఎద్దు, సూది మందుకు వచ్చిన గొర్రెల మంద. వాళ్ళందరి మధ్యలో బుట్ట దించి, “డాక్టరు బాబూ, దీనికి రొంప పట్టింది. వీటికి మందిస్తారా మీరు?” అంది. గొర్రెల కాపరి నవ్వాడు. బుట్టలో అరచేతంత కూన. రెండు కళ్ళూ పుసితో మూసుకుపోయాయి. ముక్కు చుట్టూ పసుపు పచ్చని గడ్డ. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది.

“మూడు రోజులైంది బాబూ. పాలు పెడితే వాసన చూసి తల తిప్పేసుకుంటంది.”

“వాసన చూడలేకపోవడమే దాని బాధ మామ్మగారూ,” అన్నాను.

పిల్లి తిండిని ముక్కుతో ఎంచుకుంటుంది. ముక్కు మూసుకుపోతే దాని ఎదుట ఉన్నది తిండి అని కూడా తెలియదు. పెద్ద పిల్లి రెండు రోజులు మాడగలదు. అరచేతంత కూన అంత మాడితే రక్తంలో చక్కెర పడిపోయి, వైరస్ కంటే ముందు ఆకలే దాన్ని తీసుకుపోతుంది. పరిశోధకులు ఎన్ని పేర్లు పెట్టినా రొంప పట్టిన కూన బతుకూ చావూ తేలేది ఈ ఒక్క చోట, అది తింటోందా లేదా అన్న దగ్గర.

నేను కళ్ళకు మందు చుక్కలు ఇచ్చాను. ముక్కుకు, ఊపిరితిత్తులకు బాక్టీరియా తోడవకుండా యాంటీబయాటిక్ ఇచ్చాను. అది వైరస్‌ను చంపదు, వెనకాల వచ్చే చీమును ఆపుతుంది. మిగతాదంతా ఆవిడే చేసింది. వారం తర్వాత కూనను చూపించడానికి వచ్చినప్పుడు ఏం చేశారని అడిగి తెలుసుకున్నాను. కాచి గోరువెచ్చగా చేసిన నీళ్ళలో కొంచెం ఉప్పు వేసి, మెత్తటి పాత పంచె ముక్క ముంచి, పుసి నానే దాకా కంటి మీద పెట్టి, లోపలి మూల నుంచి బయటికి తుడిచిందట. గడ్డకట్టిన పుసిని లాగలేదు, నానబెట్టింది. కోడిపిల్లల్ని కప్పే గంపను పొయ్యికి బారెడు దూరంలో బోర్లించి కూనను అందులో ఉంచింది. అన్నం ఉడికే కుండ ఆవిరి అటు పోయేది. ఎండు నెత్తళ్ళు నిప్పుల మీద కాల్చి, పొడి చేసి, మెత్తటి అన్నంలో కలిపి వేలితో నాలుకకు రాసింది. కాల్చిన నెత్తళ్ళ వాసన వీధి చివరి దాకా వస్తుంది. మూసుకుపోయిన ముక్కులోకి కూడా ఒక పోగు వాసన దూరి ఉంటుంది.

ఆవిడ చేసినదాంట్లో డాక్టరుగా నేను మార్చేది ఒక్కటే. ఎండు చేపలో ఉప్పు ఎక్కువ. కడిగి కాల్చాలి. ఇప్పుడైతే కూనల తిండి డబ్బాల్లో దొరుకుతోంది. దాన్ని చేతికి వెచ్చగా తగిలేలా వేడి చేసి పెడితే అదే పని చేస్తుంది. పొయ్యి లేని ఫ్లాటులో వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టవచ్చు. కూన జరిగి పోవడానికి మాత్రం చోటుండాలి, లేకపోతే ఒళ్ళు కాలుతుంది. వేడినీళ్ళు వదిలి తలుపు మూసిన స్నానాల గదిలో పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ముక్కు కరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే సెలైన్ చుక్కలు ముక్కుకు వెయ్యవచ్చు.

ఆవిడ వెళ్తూ వెళ్తూ అడిగిన మాట, “మా మనవడికి అంటుతుందా బాబూ, రాత్రుళ్ళు పక్కలో పడుకోబెట్టుకుంటాడు?” పిల్లి హెర్పిస్, కాలిసి మనుషులకు అంటవు. క్లమిడియా చాలా అరుదుగా మనిషి కళ్ళకు వస్తుంది. చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మాత్రం దానికి అంటుతుంది. హెర్పిస్ ఒక రోజులోపు ఎండి చస్తుంది. కాలిసి అలా కాదు, నెల రోజుల దాకా నేల మీదా గిన్నెల మీదా బతకగలదు. స్పిరిట్ దాన్ని పెద్దగా ఏమీ చెయ్యదు. బ్లీచింగ్ నీళ్ళు చంపుతాయి.

పాత ఇళ్ళ వైద్యం అంతా మంచిదే అని చెప్పబోవడం లేదు. ముక్కు మీద పసుపు ముద్ద వేసినవాళ్ళున్నారు. ముక్కు ఇంకా మూసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. సాంబ్రాణి పొగ పట్టినవాళ్ళున్నారు. ఊపిరాడని కూనకు పొగ శత్రువు. చల్లబడి కదలకుండా పడి ఉన్న కూనకు ముందు పాలు పట్టినవాళ్ళు చాలామంది. చల్లబడ్డ కూన పేగులు పనిచెయ్యవు, మింగడమూ సరిగా రాదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. ముందు ఒళ్ళు వెచ్చబడాలి, తర్వాతే నోట్లో చుక్క. ఆవుపాలు చాలా కూనలకు విరేచనాలు తెస్తాయి. ఇవన్నీ దగ్గరగా ఉన్నవాళ్ళు చూసి చూసి నేర్చుకోగల తప్పులు. చాలామంది నేర్చుకున్నారు కూడా.

చూసి నేర్చుకోలేని ప్రమాదం ఒకటి చదువుకున్న ఇళ్ళలోకి సీసాల్లో, అట్టల్లో వచ్చింది. పారాసెటమాల్. 1950ల మధ్యలో అది అమెరికాలో, బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. పసిపిల్లలకు కూడా ఇవ్వగల మందని పేరు తెచ్చుకుంది. మన ఇళ్ళలో జ్వరమంటే అదే. పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉందని ఎవరో దయగల మనిషి మాత్ర విరిచి పెడతాడు. మనిషి కాలేయం ఈ మందును గ్లూక్యురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపేస్తుంది. పిల్లిలో ఆ పని చేసే జన్యువు పాడైపోయి ఉంది. 2000లో అమెరికాలో మైఖేల్ కోర్ట్, గ్రీన్‌బ్లాట్ దాన్ని జన్యు స్థాయిలో చూపించారు. మందు పోవడానికి దారి లేక విషంగా మారి రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖమూ పాదాలూ ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. పెద్ద పిల్లికి ఒక మాత్ర చాలు. కూనకు ఒక ముక్క చాలు. విరుగుడు ఉంది, ఎసిటైల్ సిస్టీన్, కానీ గంటల్లో అందాలి. పచ్చ కామెర్లు అనుకుని, పాము కరిచిందనుకుని ఆసుపత్రికి తెచ్చినవి నేను చూశాను. తెచ్చినవాళ్ళు తమ చేత్తోనే పెట్టామని తెలిసి అక్కడే కూలబడిపోయేవారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు. కుక్కకు ఇవ్వచ్చా, పిల్లికి ఇవ్వచ్చా అని వాళ్ళకు చెప్పేవాళ్ళెవరున్నారు?

తలనొప్పి బామ్‌లు, ఆవిరి పట్టే యూకలిప్టస్ నూనెలు, కర్పూరం కూడా పిల్లికి పనికిరావు. ఒంటికి రాసింది అది నాకుతుంది. మనకు ముక్కు తెరిపించేవే దానికి కడుపులో విషం.

టీకా 1970ల మధ్య నుంచి ఉంది. కాలిసి, హెర్పిస్, విరేచనాల జబ్బు మూడింటికీ కలిపి ఒకే సూది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల వయసు దాకా వేస్తారు. అది రొంపను పూర్తిగా రానివ్వదని చెప్పలేం. వచ్చినా ప్రాణం మీదికి రానివ్వదు. నా ఉద్యోగం సగం గడిచే దాకా మా ప్రాంతంలో ఈ టీకా కంటపడలేదు. రెఫ్రిజిరేటర్‌లో ఉండేదల్లా గొంతువాపుదీ, కోళ్ళ కొక్కెరదీ. హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ మొదలయ్యాక పట్నాల్లో వీధి పిల్లిని కూడా డాక్టరుకు చూపించవచ్చన్న ఊహ జనంలోకి వచ్చింది. ఇప్పుడు మా కళాశాలల్లో చదివి బయటికొచ్చే ఆడపిల్లలు చాలామంది ఊళ్ళో గేదెలతో పాటు పిల్లుల్నీ చూస్తామంటున్నారు. నాకు వాళ్ళ మీద నమ్మకముంది. పిల్లిని పట్టుకోవడానికి బలం కంటే ఓపిక కావాలి.

లెక్కలో పిల్లి లేకపోయినా, పశువుల ఆసుపత్రి డాక్టరుకు పిల్లిని చూసే చదువూ బాధ్యతా రెండూ ఉన్నాయి. నా మాట విని ఒక్కటి చెయ్యండి. మీ పెరట్లో కూన తుమ్ముతుంటే కళ్ళు తుడిచి, వెచ్చగా ఉంచి, వాసన వచ్చే తిండి వేలితో నోటికి అందించండి. వంటింటి త్రాసులో రోజూ తూచండి. బరువు పెరగకపోయినా, ఒక పూటంతా ఏమీ ముట్టకపోయినా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, కంటి మీద తెల్ల మచ్చ కనబడినా రేపటికి చూద్దాం అనుకోకండి. బుట్టలో పెట్టుకుని దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్ళండి. గొర్రెల కాపరి నవ్వితే నవ్వనివ్వండి. ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర మాత్రం ముట్టుకోకండి.